గామా పేరు ముందు చెప్పాలా?

ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి చూసొచ్చాక మా బాబాయికీ నాకూ పెద్ద వాదనే అయింది. ఆ చర్చి గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు వాస్కో డ గామా పేరుతో మొదలెట్టాలా వద్దా అన్నదే గొడవ.

బాబాయ్: మొదలెట్టాలి అమ్మా. 1524 క్రిస్మస్ ముందురోజు కొచ్చిలోనే పోయాడు, ఆ చర్చిలోనే పూడ్చారు. చిన్నప్పుడు సోషల్‌లో బట్టీ పట్టిన పేరు, ఆయన సమాధి రాయి చుట్టూ ఉన్న రెయిలింగ్ దగ్గర నిలబడితే నాకు ఒళ్ళు జలదరించింది.

నేను: రెయిలింగ్ లోపల ఏముంది బాబాయ్, 1539లోనే ఎముకలు పోర్చుగల్ పట్టుకెళ్ళిపోయారుగా. పద్నాలుగేళ్ళు పడుకున్న మనిషి కోసం ఐదొందల ఏళ్ళ గుడి కథంతా పక్కకి పోతోంది. పైగా 1502లో మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళు పిల్లలతో సహా తగలబెట్టించింది ఈయనే కదా!

బాబాయ్: దాచమని నేనన్నానా? ఆ ఓడ సంగతి కూడా ఆ రాయి దగ్గరే చెప్పాలి. పేరే ఎత్తకపోతే చేసిన పాపం కూడా ఎవరికీ గుర్తుండదు.

నేను: ఈ మాట బావుంది, ఒప్పుకుంటా. కానీ మిగతాది చెప్పడానికి టైమెక్కడ ఉంటుంది చెప్పు. 1503లో బుడతకీచులు, అంటే పోర్చుగీసువాళ్ళు, చెక్కతో కట్టుకున్నారు, 1516 కల్లా పక్కా కట్టడం అయింది, 1663లో డచ్చివాళ్ళు ఊరు పట్టుకుని మిగతా చర్చిలు కూలగొట్టి దీన్నొక్కదాన్నీ ఉంచి తమ ప్రొటెస్టెంట్ ప్రార్థనలకి వాడుకున్నారు, 1804లో ఆంగ్లికన్లకి, అంటే ఇంగ్లండు చర్చివాళ్ళకి ఇచ్చేశారు, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళది. ఇన్ని చేతులు మారినా గోడలు అవే, నాకైతే అసలు విశేషం ఇదే.

బాబాయ్: గోడలు చూడ్డానికి జనం రారమ్మా, పేరు చూసి వస్తారు. వచ్చాక నువ్వు చెప్పేవి వింటారు.

నేను: మనం విన్నామా? అందరం ఆ రాయికి ఫోటో తీసుకుని బయటికొచ్చేశాం. పైన వేలాడే గుడ్డ పంఖాలు ఎవరైనా చూశారా? వాటి తాళ్ళు గోడ అవతలికి పోతాయి. లోపల దొరలు చల్లగా ప్రసంగం వింటుంటే అవతల కూర్చుని లాగినవాడు ఒకడుంటాడు కదా, వాడికి ఆ ప్రసంగంలో ఒక్క ముక్కైనా వినపడేదా అని నాకు అక్కడే అనిపించింది. డచ్చివాళ్ళు 1751 నుంచి 1804 దాకా బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ రాసుకున్న రిజిస్టరు ఉంది, డూప్ బుక్ అంటారు. ఆ తాడు లాగినవాడి పేరు రాసుకునే పుస్తకం ఏది?

బాబాయ్: (కాసేపు ఆగి) తాడు నేను చూడలేదు. ఈసారి మీ పిన్నిని తీసుకెళ్తే దాని దగ్గరే మొదలెడతా. కానీ ఆఖర్న రెయిలింగ్ దగ్గరికి తీసుకొస్తా, ఓడ సంగతి కూడా చెప్తా.

నేను: మధ్యలో దక్షిణం గోడకి ఆనించిన డచ్చి సమాధి రాళ్ళు కూడా చూపించు బాబాయ్.