‘ఆఫీసులో గుట్టు విప్పకు’ అనే ఫార్వర్డుకు నా జవాబు

మార్చి క్లోజింగ్ దగ్గరపడే కొద్దీ మా బ్యాంకు ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మొదట అనంతపురం గ్రూపులో చూశాను. తర్వాత కడప నుంచి మా బావమరిది పంపాడు. కర్నూలు టీచర్ల గ్రూపులోనూ ఉందట. అందులో ఉన్నది ఇంతే:

“సీమ బిడ్డకు డిప్రెషన్ రాదు, అది సిటీ రోగం. మనసు బాగాలేదని డాక్టరు దగ్గరికి పోతే రికార్డులో పడతావు, ఉద్యోగానికే ఎసరు. మందులు మొదలుపెడితే జీవితాంతం బానిసవే. ఆఫీసులో ఎవడూ నీవాడు కాడు, ఎవరికీ ఏమీ చెప్పకు. పరిచయాలు పెంచుకోవడం కాకా పట్టేవాళ్ళ పని. గుండె గట్టిగా ఉంటే అన్నీ అవే సర్దుకుంటాయి. పదిమందికి పంపండి.”

పంపినవాళ్ళలో నాకు బాగా కావలసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ ఇందులో నిజం కొంచెం, అబద్ధం చాలా కలిసిపోయాయి. పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మరు కాబట్టి ఈ రకమే ఎక్కువ చేటు చేస్తుంది.

మొదట ‘సిటీ రోగం’ సంగతి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. మెట్రో నగరాల్లో 13.5 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలితే, పల్లెల్లో 6.9 శాతం. నగరాల్లో ఎక్కువన్నది నిజమే. కానీ పల్లెల్లో నూటికి ఏడుగురంటే తక్కువేం కాదు. ఇంకో మాట. పల్లె జనానికి ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే మానసిక వైద్యం అందించవచ్చా అని 1980లలో నిమ్హాన్స్ పరీక్షించి చూసింది ఎక్కడో కాదు, మా అనంతపురానికి ఆనుకునే ఉన్న బళ్ళారి జిల్లాలో. 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. ఎండా, కరువూ, వేరుశనగ అప్పులూ మనలాగే ఎరిగిన జిల్లా అది. వానలు ఎగ్గొట్టిన ఏడాది క్రాప్ లోన్ రెన్యువల్‌కు వచ్చిన రైతు ముఖం కౌంటర్ ఇవతల నుంచి చూసినవాడెవడూ ‘సీమోళ్ళకు రాదు’ అనడు.

‘రికార్డులో పడతావు’ అన్నది అన్నిటికన్నా ఎక్కువ మందిని భయపెడుతున్న ముక్క. ఆసుపత్రిలో మీ కేస్ షీట్ ఉంటుంది, కాదనను. షుగరు పేషెంటుకూ ఉంటుంది. అది మీ ఆఫీసుకు పోతుందా అన్నదే ప్రశ్న. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, మేనేజరు ఫోన్ చేసి అడగడం వాటిలో లేదు. అదే చట్టం 3వ సెక్షన్లో ఇంకొకటి ఉంది. మానసిక జబ్బు ఉందన్నంత మాత్రాన మనిషికి మతిస్థిమితం లేదని అనుకోకూడదు, ఆ మాట కోర్టే తేల్చాలి. ‘ఎర్రగడ్డ కేసు’ అని క్యాంటీన్లో జోకులేసేవాళ్ళకు ఇది వినిపించాలి.

‘ఉద్యోగానికి ఎసరు’ అంటారా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. మానసిక వైకల్యమూ ఆ చట్టం కిందికే వస్తుంది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మానసిక జబ్బున్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, ఆయనపై పెట్టిన క్రమశిక్షణ చర్యలను కొట్టేసింది. ఉన్న పనికి సరిపోరనుకుంటే జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని, అందులో తుపాకీ పట్టే అవసరం లేకుండా చూసుకోవచ్చని చెప్పింది. తుపాకీ పట్టిన ఉద్యోగానికే అంత రక్షణ ఉంటే, లెడ్జరు పట్టిన మనకెందుకంత వణుకు?

ఫార్వర్డులో నిజం పాలు కొంత ఇక్కడే ఉంది, దాన్ని దాచను. గుంతకల్లు డివిజన్లో రైలు నడిపే లోకో పైలట్ లాంటి ఉద్యోగాలకు మెడికల్ ఫిట్‌నెస్ పరీక్షలుంటాయి, వాళ్ళ లెక్క వేరు. 20వ సెక్షన్ రక్షణ ప్రభుత్వ సంస్థలకే, ప్రైవేటు కంపెనీలకు వర్తించదు. అక్కడ పనిచేసేవాళ్ళు ఎవరికి ఎంత చెప్పాలన్న విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిందే. జాగ్రత్త అంటే వైద్యం మానుకోవడం మాత్రం కాదు.

మందుల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. డిప్రెషన్‌కు సాధారణంగా రాసే మందులు వ్యసనం అయ్యే రకం కాదు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గాక కూడా కొన్ని నెలలు వాడమంటారు, ఉన్నట్టుండి మానేయకూడదు. కొందరికి ఎక్కువ కాలం కావాలి, అందరికీ కాదు. అలవాటుపడే ప్రమాదం ఉన్నవి ఆందోళన తగ్గడానికి వాడే అల్‌ప్రజోలం లాంటి మాత్రలు. విచిత్రమేంటంటే, సైకియాట్రిస్టు పేరెత్తితే ఉలిక్కిపడేవాళ్ళే చీటీ లేకుండా మెడికల్ షాపులో అవి అడిగి తెచ్చుకుంటారు.

ఇక ‘ఎవరికీ ఏమీ చెప్పకు’. అందరికీ అన్నీ చెప్పకూడదన్నది నిజం. మా బ్రాంచీల్లో ఒకరి చెవిన వేసింది టీ టైముకల్లా రీజనల్ ఆఫీసు దాకా పోతుంది. కానీ అసలేమీ చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. బ్యాంకు స్ట్రాంగ్ రూము తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నాకు తెలిసిన ఒక క్యాషియర్‌కు కొత్తగా మందులు మొదలయ్యాయి. పొద్దున మగత. ఒకటో తారీఖు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు, రెండో తాళంతో ఆఫీసరు సిద్ధంగా ఉన్నాడు, మొదటి తాళం రాలేదు. మరుసటి రోజూ అంతే. మేనేజరు కళ్ళకు ఆయన బాధ్యత లేని మనిషి.

మూడో రోజు ఆయన క్యాబిన్లోకి వెళ్ళి అన్నది ఇదీ: “సార్, ఆరోగ్యం బాగాలేక కొత్త మందులు వాడుతున్నా. పొద్దున మగతగా ఉంటోంది, క్యాష్‌లో తేడా వస్తే నాకూ బ్రాంచికీ ఇబ్బంది. ఓ నెల తాళాలు వేరేవాళ్ళకు ఇప్పించండి, నేను లోన్ డెస్కు చూసుకుంటా.” జబ్బు పేరు చెప్పలేదు, మేనేజరూ అడగలేదు. కీ రిజిస్టర్లో సంతకాలు మారాయి, పని నడిచింది. పూర్తి సంగతి చెప్పింది పక్క సీటులోని ఒక్క సీనియర్‌కే, “అన్నా, నేను మరీ ముభావంగా కనిపిస్తే ఒకసారి పలకరించు” అని. పై అధికారికి పనికి కావలసినంత చెప్పాడు, నమ్మిన మనిషికి మనసుకు కావలసినంత చెప్పాడు. ఈ రెంటికీ తేడా తెలియకనే ఫార్వర్డు రాసినాయన రెంటినీ కలిపి వద్దన్నాడు. చెప్పుకోడానికి ఒక్క మనిషీ లేకపోతే 14416 నంబరు ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం జనరల్ ఆసుపత్రి, కడప రిమ్స్‌లలో మానసిక వైద్య విభాగాలున్నాయి.

‘పరిచయాలు కాకా పట్టేవాళ్ళ పని’ అన్న ముక్క చదివితే నవ్వొచ్చింది. మడకశిరకో బద్వేలుకో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు ఈ సూత్రం పాటించి చూడండి. అద్దె ఇల్లు, పిల్లల బడి, ఆ ఊరి మొండి బకాయిల చరిత్ర, అన్నీ ఎవరో ఒక పరిచయస్తుడు ఫోన్లో చెప్తేనే తెలిసేది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక సంగతి బయటపెట్టాడు. తెలిసినవాళ్ళ ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని, ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచుగా అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవారు 27.8 శాతం. అది చిన్న సర్వే. 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా వాడకందారులపై జరిగిన అధ్యయనం కూడా, ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్ళ కన్నా ఓ మోస్తరు పరిచయస్తులే ఎక్కువ అక్కరకొస్తారని తేల్చింది.

మనసు బాగాలేనివాళ్ళకు ఇది మంచి వార్త. రోజూ పదిమందితో నవ్వుతూ తిరగక్కర్లేదు. రిటైర్మెంట్ ఫంక్షన్ అంటే గుండె దడ వచ్చేవాళ్ళు జనం నిండకముందే వెళ్ళి, పెద్దాయన చేతికి దండ ఇచ్చి, ఇద్దరిని పలకరించి, భోజనాలకు ముందే వచ్చేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. పాత బ్రాంచి కొలీగ్‌కు ప్రమోషన్ వస్తే ఒక ఫోన్. బ్యాంకు ఉద్యోగుల జేఏఐఐబీ పరీక్ష రాసే జూనియర్‌కు మీ దగ్గరున్న నోట్సు. మేలు పొందడానికి పై అధికారి చుట్టూ తిరిగితే కాకా అవుతుంది గానీ, జూనియర్‌కు నోట్సిస్తే కాకా ఎట్లవుతుందప్పా?

మిగిలింది ‘గట్టి గుండె’. హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు లాంటి కష్టాల మధ్య పెరిగినవారిలో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో కనిపించిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం. అవ్వ కావచ్చు, టీచరు కావచ్చు. నిలదొక్కుకునే శక్తిలో మనిషి సొంత స్వభావం పాత్ర లేకపోలేదు, కానీ పక్కన మనిషి లేకుండా అది అంత దూరం రాదు.

పని భారం సంగతి ఫార్వర్డులో అసలే లేదు, నాకు కోపం తెప్పించింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట్ల మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉద్యోగికి ధైర్యం నూరిపోయడం ఒక్కటే లేదు. పని పరిస్థితులు మార్చడం, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం కూడా ఉన్నాయి. నలుగురి కౌంటర్ పని ఇద్దరు చేస్తూ, మధ్యలో ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ గురించి రాత్రి 9 గంటలకు వీడియో కాల్ తీసుకునే బ్రాంచిలో గుండె ఎంత గట్టిదైనా జూన్ దాటదు. అక్కడ కావలసింది ఇంకో ఇద్దరు మనుషులు, 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న ఒక రాతపూర్వక ఆదేశం. ఈసారి యూనియన్ మెమొరాండంలో ఆ రెండూ మొదటి పేజీలోనే పెట్టించమని మా సెక్రటరీకి రాశాను.