పాస్టర్ సెనేటర్ కాకూడదా? వార్నాక్ మీద తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎన్నికల మాట వస్తే చాలు, అక్కడి డెమోక్రాట్ సెనేటర్, బాప్టిస్టు పాస్టర్ కూడా అయిన రాఫెల్ వార్నాక్ గురించి అవే ఆరోపణలు వాట్సాప్‌లో మళ్ళీ చక్కర్లు కొడతాయి. మొత్తం కలిపితే నాలుగు మాటలు. చర్చినీ ప్రభుత్వాన్నీ రాజ్యాంగం విడదీసింది కాబట్టి పాస్టర్ సెనేటర్ కావడమే చట్టవిరుద్ధం. మార్టిన్ లూథర్ కింగ్ చర్చి పేరు చెప్పుకుని 2020లో ఊడిపడ్డాడు. సైనికులు దేవుణ్ణి సేవించలేరని అన్నాడు. గెలిచాక చేసింది సున్నా. అట్లాంటా చుట్టుపక్కల ఓటు హక్కున్న తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఓటు వేసేవాళ్ళు కూడా ఇలాంటివి నమ్మి పంపేస్తుంటే ఊరుకోవడం నావల్ల కాలేదు.

మొదట రాజ్యాంగం సంగతి. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా నిలబెట్టకూడదని మొదటి సవరణ చెబుతుంది. ప్రభుత్వ పదవికి మతపరమైన అర్హతేదీ అడగకూడదని ఆరో అధికరణం చెబుతుంది. అంటే కట్టడి ప్రభుత్వం మీద, పౌరుడి మీద కాదు. అసలు చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న అధ్యక్షుడు జెఫర్సన్ మాట ఎక్కడిదనుకుంటున్నారు? 1802 జనవరి 1న కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు ఆయన రాసిన ఉత్తరంలోది. ప్రభుత్వం తమ విశ్వాసం జోలికి రాకూడదని పట్టుబట్టినవాళ్ళలో బాప్టిస్టులే ముందున్నారు.

అయితే పాస్టర్లను చట్టసభల్లోకి రానివ్వని రోజులు నిజంగానే ఉండేవి. జార్జియాదే 1777 నాటి రాజ్యాంగం ఏ శాఖకు చెందిన మతబోధకుడికైనా శాసనసభలో చోటు లేదంది. టెనెసీలో ఆ నిషేధం 1970ల దాకా సాగింది. చాటనూగాలో పాల్ మెక్‌డేనియల్ అనే బాప్టిస్టు పాస్టర్ రాష్ట్ర రాజ్యాంగ సభకు పోటీ చేస్తే, పాస్టర్‌వి కాబట్టి నీకు అర్హత లేదని ప్రత్యర్థి కోర్టుకెక్కింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పాస్టర్ పనిలో ఉన్నంత మాత్రాన పోటీ హక్కు లాక్కోవడం చెల్లదని 1978లో తీర్పు వచ్చింది, ఒక్క న్యాయమూర్తి కూడా నిషేధం పక్షాన నిలబడలేదు. ఇంత స్పష్టంగా తేలిపోయిన విషయాన్ని పట్టుకుని ఇంకా చట్టవిరుద్ధం అంటారేమిటి?

పోనీ సెనేటర్ అయిన బోధకుల్లో వార్నాకే మొదటివాడా అంటే అదీ కాదు. అమెరికా సెనేట్‌లో తొలి నల్లజాతి సభ్యుడు, 1870లో మిసిసిపీ నుంచి వచ్చిన హైరమ్ రెవెల్స్, మెథడిస్టు బోధకుడు. మిస్సోరీ రిపబ్లికన్ జాన్ డాన్‌ఫోర్త్ ఎపిస్కోపల్ ప్రీస్టుగా ఉంటూనే పద్దెనిమిదేళ్ళు సెనేటర్‌గా పనిచేశారు. అప్పుడెవరికీ కూలని గోడ ఇప్పుడే ఎలా కూలింది?

ఇక నన్ను బాగా బాధపెట్టేది ఆ 'ఊడిపడ్డాడు' అన్న మాట. వార్నాక్ సవానాలో ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగాడు, పన్నెండుమంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రి వారమంతా పాత కార్లను తుక్కుకు అమ్మి ఆదివారం వాక్యం చెప్పేవాడు. తల్లి చిన్నతనంలో వేరేవాళ్ళ చేలల్లో పత్తి తీసింది. వార్నాక్ అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో చదివి, న్యూయార్క్ యూనియన్ సెమినరీలో పీహెచ్‌డీ చేసి, న్యూయార్క్, బాల్టిమోర్ చర్చిల్లో పనిచేశాక 2005లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, ఒకప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా ఉన్న అట్లాంటా ఎబెనెజర్ బాప్టిస్టు చర్చి పాస్టర్ అయ్యాడు. ఎన్నికల్లో నిలబడింది ఆ తర్వాత పదిహేనేళ్ళకు. ఆ మధ్యకాలంలో గుళ్ళో కూర్చుని గంట కొట్టుకున్నాడా? జార్జియాలో పోలీసు హత్య కేసులో శిక్ష పడిన ట్రాయ్ డేవిస్ మరణశిక్ష ఆపాలని పోరాడాడు (2011లో శిక్ష అమలైపోయింది, ఆపలేకపోయారు). పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను విస్తరించాలని 2014లో రాష్ట్ర క్యాపిటల్ భవనంలో బైఠాయించి అరెస్టయ్యాడు. 2017లో బడ్జెట్ కోతల మీద నిరసన తెలుపుతూ ఈసారి వాషింగ్టన్‌లో అరెస్టయ్యాడు. ఓటర్లను నమోదు చేయించే న్యూ జార్జియా ప్రాజెక్ట్‌కు 2017 నుంచి 2020 వరకు అధ్యక్షుడు.

చర్చి పేరు కలిసిరాలేదా అంటే వచ్చింది, ఎందుకు కాదనాలి? కానీ ఆ పేరు ఒక్కటే ఓట్లు రాల్చేదైతే 2020 వేసవిలో సర్వేల్లో అంత వెనకబడి ఉండేవాడు కాదు. నవంబరులో ఇరవై మంది పోటీపడిన మొదటి రౌండ్‌లో సుమారు 33 శాతం వచ్చింది, ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రన్ఆఫ్‌లో, 2021 జనవరి 5న, అప్పటి రిపబ్లికన్ సెనేటర్ కెల్లీ లోఫ్లర్ మీద దాదాపు 93 వేల ఓట్లతో గెలిచాడు. జార్జియా నుంచి తొలి నల్లజాతి సెనేటర్. 2022 డిసెంబరులో రిపబ్లికన్ అభ్యర్థి హెర్షల్ వాకర్ మీద మళ్ళీ రన్ఆఫ్ దాకా వెళ్ళి గెలిచాడు. రెండేళ్ళలో నాలుగుసార్లు రాష్ట్రమంతా బ్యాలెట్ మీద ఆయన పేరు చూసింది.

సైన్యం మాట. 2011లో చేసిన ప్రసంగంలోంచి కొన్ని సెకన్ల ముక్క కత్తిరించి తిప్పుతున్నారు. దేవుణ్ణీ సైన్యాన్నీ ఇద్దరినీ సేవించలేరని ఆయన అన్న మాట నిజమే, నేను దాచను. కానీ అది మత్తయి సువార్తలోని వాక్యం మీద ప్రసంగం. "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు" అన్నది తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. డబ్బు గానీ ఆయుధబలం గానీ దేవుడి స్థానంలో కూర్చోకూడదన్నదే అక్కడి ఉద్దేశం, సైనికుడికి మోక్షం లేదని కాదు. ఈయన తండ్రి కూడా రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నవాడే. మాట ఇంకాస్త జాగ్రత్తగా అనాల్సిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, దేశద్రోహం అంటే మాత్రం ఒప్పుకోను.

చివరిది, 'చేసింది సున్నా'. మన ఇళ్ళల్లో షుగర్ లేనిదెక్కడ? 2022 ఆగస్టులో వచ్చిన చట్టంలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న పెద్దవాళ్ళకు ఇన్సులిన్ ఖర్చు నెలకు 35 డాలర్లు దాటకూడదన్న నిబంధన కోసం ముందుండి పట్టుబట్టింది వార్నాకే. ప్రైవేట్ ఇన్సూరెన్స్ వాళ్ళకూ అదే వర్తించాలన్న భాగం సెనేట్‌లో 57-43 వచ్చినా కావాల్సిన 60 ఓట్లు అందక పడిపోయింది. టెక్సస్ రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ లాంటి పక్కా ప్రత్యర్థితో కలిసి ఇంటర్‌స్టేట్ 14 రహదారి కోసం సవరణ నెగ్గించుకున్నదీ ఈయనే.

నిలదీయాలనుకుంటే నిజమైన ప్రశ్న ఒకటుంది. సెనేటర్ అయ్యాక కూడా ఆయన ఎబెనెజర్ పాస్టర్‌గా కొనసాగుతూ చర్చి నుంచి నెలకు 7,400 డాలర్ల పైచిలుకు ఇంటి భత్యం తీసుకున్నాడు. సెనేటర్ల బయటి సంపాదనకు పరిమితి ఉంది, ఈ భత్యం ఆ లెక్కలోకి రాదు. నిబంధన అలా ఉండటం సబబేనా అని 2022 ప్రచారంలో గట్టిగానే అడిగారు, నా దృష్టిలో అడగాల్సిందే. ఆ ఫార్వర్డ్ రాసినవాళ్ళకు మాత్రం అది కనబడలేదు.