పది ఒంగోలు ఆవులు, రెండు కాటేజీలు, నెలకు లక్ష: ఈ లెక్క తప్పు

వారం రోజులుగా చుట్టాల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్. "జనం మారారు, ప్యాకెట్ పాలు వద్దంటున్నారు, దేశవాళీ ఆవు పాలకు ఎంతైనా ఇస్తారు, పది ఒంగోలు ఆవులు కొని పక్కన సిటీ వాళ్లు వచ్చి ఉండేందుకు రెండు కాటేజీలు వేస్తే నెలకు లక్ష ఖాయం" అని. దీన్ని నమ్మి ఉద్యోగం మానేస్తానని మా తమ్ముడు వరసవాడొకడు ఫోన్ చేశాడు, అందుకే రాస్తున్నా.

జనం మారిన మాట నిజం. మిగతాదే తప్పు.

"పూటకు అయిదు లీటర్లు" అట. ఒంగోలు ఆవు ఒక ఈత మొత్తం మీద, అంటే ఈనిన దగ్గర్నుంచి వట్టిపోయేదాకా, ఇచ్చేది సగటున 800 లీటర్లు. మళ్లీ ఈనడానికి ఏడాదింబావు వేసుకున్నా పది ఆవుల మీద రోజుకు 17, 18 లీటర్లు. లీటరు 100కు అమ్మితే 1,800, అందులోనే దాణా, గడ్డి, ఇద్దరి కూలి. అది దుక్కికీ బండికీ పేరుపడ్డ జాతి. బ్రెజిల్ వాళ్లు దాన్ని తీసుకెళ్లి నెలోర్ పేరుతో పెంచేదీ మాంసానికే.

"ఏ2 అని రాస్తే రెట్టింపు రేటు" అట. ఏ1, ఏ2 అంటే పాలలో ఉండే ఒక ప్రొటీన్‌లో రెండు రకాలు. మన దేశవాళీ ఆవుల పాలు దాదాపు అన్నీ ఏ2 రకమే, బర్రె పాలు కూడా అంతే. 2024 ఆగస్టులో ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పి, వారం తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. రేపు మళ్లీ ఏమంటారో తెలియని ముద్రను నమ్మి అప్పు చేయకండి.

"సిటీ వాళ్లు చూసి మురిసిపోతారు" అన్నది అసలు విషయం. పోయిన సంక్రాంతికి మా బాబాయి గొడ్లచావిట్లో జరిగింది చెప్తా. దూడ కుడిస్తే గానీ ఒంగోలు ఆవు పాలు చేపదు. నాలుగు గుక్కలు తాగనిచ్చి దూడను లాగి తల్లి ముందు కట్టాడు. మూతి నిండా నురగతో అది తాడు గుంజుతుంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన చిన్నపాప "దాని పాలు మనమెందుకు తీసుకుంటున్నాం?" అని ఏడుపు. రెండు చన్లు దూడకే వదిలేస్తామని దగ్గరకు తీసుకెళ్లి చూపించాక గానీ ఊరుకోలేదు. ఆ పాప అడిగింది న్యాయమైన ప్రశ్న. వాళ్లమ్మ అడిగినవి ఇంకా కష్టం: కోడెదూడ పుడితే ఏం చేస్తారు, వట్టిపోయిన ఆవును ఎవరికి అమ్ముతారు? ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి కోడెలు అక్కర్లేదు, బండలాగుడు పోటీలకు లక్షలు పెట్టి కొనేది ఏ కొన్నిటినో. మారిన జనం ఇవన్నీ అడుగుతారు, నీళ్లు నమిలితే మళ్లీ రారు.

"ఖర్చుండదు, బయట మేపుకుంటే చాలు" అన్నవాళ్లు ఊళ్లో బీడు ఎక్కడ మిగిలిందో చూపిస్తే బాగుంటుంది.

తమ్ముడికి చెప్పిందొక్కటే, ముందు రెండు ఆవులు కొను, కాటేజీల మాట తర్వాత, ఆవు వట్టిపోయిన నెలల మేతా కోడెల మేతా కలిపి రేటు కట్టి ఎందుకంతో కొనేవాళ్లకు నోరు తెరిచి చెప్పు. మా బాబాయి లీటరుకు అందరికంటే 20 రూపాయలు ఎక్కువే తీసుకుంటాడు. ఎందుకని అడిగితే చావిడి చివర కట్టేసిన రెండు కోడెలను చూపిస్తాడు.