ఇండికా వాటా ఎక్కువైతే నిద్రా? ‘వెడ్డింగ్ కేక్’ పోస్టుకి జవాబు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల గ్రూపుల్లో తిరిగి తిరిగి ఓ పోస్టు మా కుటుంబం గ్రూపుకీ వచ్చింది. వెడ్డింగ్ కేక్ అనే గంజాయి రకాన్ని పొగుడుతూ రాసినది. గంజాయి రకాల్ని ఇండికా, సటైవా అని రెండుగానూ, రెండూ కలిస్తే హైబ్రిడ్ అనీ అమ్ముతుంటారు. సారాంశం ఇది: ‘ఇది 60 శాతం ఇండికా, 40 శాతం సటైవా ఉన్న హైబ్రిడ్. ఇండికా వాటా ఎక్కువ కాబట్టి ఒళ్లు తేలికపడుతుంది, టెన్షన్ పోతుంది, హాయిగా నిద్ర పడుతుంది. దానికి కారణం అందులోని మిర్సీన్ అనే రసాయనం. పైగా ఇండికా అంటే మన దేశపు మొక్కే, భయం లేదు.’

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. సటైవా అన్న పేరు 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు, ఐరోపాలో నార కోసం పండించే మొక్కని చూసి. 1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లామార్క్ మన దేశం నుంచి వెళ్లిన నమూనాలు చూసి, ఇది వేరే జాతి అనుకుని ఇండికా అన్నాడు. ఆయన చూసింది సన్నాకుల మొక్క. ఇప్పుడు దుకాణాల్లో ఇండికా అని అమ్మేదాని మూలం వేరు. అది హిందూకుష్ కొండల వైపు చరస్ (గంజాయి జిగురుతో చేసే మత్తుపదార్థం) కోసం పెంచిన పొట్టి, వెడల్పాకుల మొక్క. 1970ల్లో ఆఫ్ఘనిస్తాన్ మొక్కల్ని ఇండికా పద్దులో వేశాక ఆ పేరు వాటికే అతుక్కుపోయింది. తమాషా ఏమిటంటే దక్షిణ భారతంలో పొడుగ్గా, సన్నాకులతో పెరిగే గంజాయిని ఇప్పటి విత్తనాల కేటలాగుల్లో సటైవా అంటారు. ‘మన మొక్క’ ఆ ప్యాకెట్లో లేదు.

మొక్క రూపం వరకైతే ఈ మాటలకి కొంత అర్థం ఉంది. వెడల్పాకుల రకాలు పొట్టిగా, గుబురుగా పెరుగుతాయి, తొందరగా పూతకొస్తాయి. పెంచేవాళ్లకి అది పనికొచ్చే సమాచారమే. ఆకు వెడల్పుని బట్టి మనిషికి నిద్ర పడుతుందో లేదో చెప్పడం దగ్గరే పేచీ.

ఇక 60-40. బాపట్ల పరిశోధన స్థానం నుంచి వచ్చిన బీపీటీ 5204 వరి విత్తనం కొంటే దానికి ధ్రువీకరణ ఉంటుంది, ఏ సంచి కొన్నా పండేది అదే సాంబ మసూరి. గంజాయి రకాల పేర్ల వెనక అలాంటి వ్యవస్థ లేదు. ఫలానా దాన్నీ ఫలానా దాన్నీ కలిపాం అని పెంచినవాళ్లు చెప్పుకున్నదే శాతంగా మారుతుంది. విత్తనం నుంచి వచ్చినవైతే ఒకే జంట పిల్లలు కూడా ఒకేలా ఉండవు.

కెనడా శాస్త్రవేత్తలు 2015లో 81 గంజాయి నమూనాల జన్యువుల్ని పరీక్షించారు. నూటికి నూరు శాతం సటైవా అని పేరుపడ్డ జమైకా రకం ఒకటి, నూటికి నూరు శాతం ఇండికా అని చెప్పే ఆఫ్ఘన్ రకంతో దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 2022లో ఇంకో బృందం అమెరికాలోని ఆరు రాష్ట్రాల నుంచి దాదాపు 90 వేల నమూనాల రసాయన ఫలితాలు చూసింది. ఇండికా, హైబ్రిడ్, సటైవా అన్న లేబుళ్లకీ లోపలి రసాయనాలకీ నిలకడైన పొంతన దొరకలేదు. 60-40 అని శాతాలు రాసేవాళ్ల ధైర్యానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

మిర్సీన్ సంగతి పూర్తిగా గాలి మాట కాదు. మామిడిపండులోనూ నిమ్మగడ్డిలోనూ ఉండే వాసన పదార్థమే అది. ఇండికా లేబులు ఉన్న రకాల్లో కాస్త ఎక్కువగా ఉంటుందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది కూడా. నిద్ర మాట ఎలుకల నుంచి వచ్చింది. కిలో బరువుకి 200 మిల్లీగ్రాముల చొప్పున మిర్సీన్ ఎక్కిస్తే, నిద్రమందు ఇచ్చిన చిట్టెలుకలు ఇంకా ఎక్కువసేపు పడుకున్నాయి. అంటే 25 గ్రాముల ఎలుకకి 5 మిల్లీగ్రాములు. అర గ్రాము గంజాయిలో 1 శాతం మిర్సీన్ ఉందనుకున్నా వచ్చేది అదే 5 మిల్లీగ్రాములు, తీసుకునేది 60 కిలోల మనిషి. అన్నిటికన్నా చిత్రం, వెడ్డింగ్ కేక్‌లో తరచూ ముందు వరసలో ఉండేవి లిమోనీన్, కారియోఫిలీన్. నిమ్మతొక్క వాసన, మిరియాల ఘాటు వాటివే. పోస్టు రాసినాయన తన రకాన్ని కూడా సరిగ్గా చూసుకోలేదు.

అసలు పనిచేసేది ప్రధానంగా టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తునిచ్చే రసాయనం. దాని మోతాదుని బట్టి ఫలితం తిరగబడుతుంది. 2017లో షికాగోలో 42 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో 7.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి ఒత్తిడి తగ్గింది. 12.5 తీసుకున్నవాళ్లకి ఆందోళన పెరిగింది. 20 శాతం టీహెచ్‌సీ ఉన్న పావు గ్రాములో 50 మిల్లీగ్రాములు ఉంటుంది. కొంత మంటలో పోయినా మిగిలేది తక్కువేమీ కాదు. అలవాటు లేనివాడికి గుండె దడదడలాడి ‘టెన్షన్ పోతుంది’ అన్న మాట అక్కడే తేలిపోతుంది. నిద్ర త్వరగా పట్టొచ్చు, నిజమే. రోజూ వాడితే ఆ గుణం తగ్గుతూ పోతుంది, మానిన రోజుల్లో నిద్ర పట్టకపోవడం మామూలు.

‘భయం లేదు’ అన్నదానికి చట్టం జవాబు చిన్నది. మన 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి మొక్కని ‘కానబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా’ అని నిర్వచిస్తుంది. పూత, కాయ ఉన్న కొసల్ని గంజాయి అంటుంది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకుకి (భంగు) ఉన్న మినహాయింపు ఈ ప్యాకెట్లలోని పూతకి వర్తించదు. కిలో వరకు చిన్న మొత్తమే, దానికీ ఏడాది దాకా జైలు పడొచ్చు. అమెరికాలో రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం దాన్ని నియంత్రిత పదార్థంగానే చూస్తుంది. వీసా మీద ఉన్న విద్యార్థి వాడానని ఒప్పుకుంటే చాలు, కేసు లేకపోయినా తిరిగి దేశంలోకి రానివ్వకపోవచ్చు. పోస్టులో ఈ వాక్యం ఒక్కటీ లేదు.