బేకన్ తీపి: రుచి కొంత, మార్కెట్ కొంత
అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2003లో వూడూ డోనట్ అనే షాపు మొదలైంది. దానికి పేరు తెచ్చిన వాటిలో బేకన్ మేపుల్ బార్ ఒకటి. పొడుగాటి డోనట్, పైన మేపుల్ (ఆ చెట్టు రసంతో చేసే పాకం) పూత, ఆపైన వేయించిన బేకన్, అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం. (అక్కడి మన శాకాహారులూ, ఆఫీసులో డోనట్ల పెట్టె తెరిచినప్పుడు కాస్త చూసుకోండి.) వినగానే ఉత్త పబ్లిసిటీ స్టంట్ అనిపిస్తుంది గానీ, పొద్దున్నే పాన్‌కేక్ మీద పోసుకున్న మేపుల్ సిరప్ పక్కనున్న బేకన్‌కు అంటుకుంటే దాన్నీ ఇష్టంగా తినే జనం అమెరికన్లు. డోనట్ షాపు ఆ ప్లేటునే చేతికందించింది.

క్యాండీడ్ బేకన్ చేయడం తేలికే. ముక్కలకు బ్రౌన్ షుగర్ పట్టించి, జాలీ మీద పరిచి ఓవెన్‌లో పెడతారు. కొవ్వు కరిగి కిందికి కారిపోతుంది, చక్కెర ముదురు పాకమై ముక్కకు పట్టేస్తుంది. ఉత్త తీపి నాలుగు చెంచాలకే వెగటు పుట్టిస్తుంది. ఇందులోని ఉప్పు, పొగ వాసన, కాస్త మాడిన చేదు ఆ వెగటును విరుస్తాయి. అయితే ముక్క కరకరలాడాలి. ఐస్‌క్రీమ్‌లో నాని సాగే బేకన్‌ను నేనైతే వెనకేసుకురాను.

అంతమాత్రాన ఈ మోజంతా రుచి వల్లే వచ్చిందనుకోలేం. 1980ల్లో అమెరికన్లకు కొవ్వంటే భయం పట్టుకుని, బేకన్ చేసే పంది పొట్ట మాంసానికి గిరాకీ పడిపోయింది. దాంతో పరిశ్రమ బేకన్‌ను ఫాస్ట్‌ఫుడ్ బర్గర్లలోకి ఎక్కించింది. టిఫిన్‌కే పరిమితమైన సరుకు అలా రోజంతా తినేదైంది. అక్కడి నుంచి డిజర్ట్ ఎంతో దూరం లేదు.

2012 వేసవిలో ఫాస్ట్‌ఫుడ్ సంస్థ బర్గర్ కింగ్ 510 కేలరీల బేకన్ సండే (సిరప్‌లు పోసిన ఐస్‌క్రీమ్) తెచ్చింది. ఐస్‌క్రీమ్ మీద బేకన్ పొడి చల్లడంతో ఆగక, ఒక ముక్కను నిలువుగా గుచ్చి ఇచ్చింది. టర్కీలో తవుక్ గోసు అనే పాల పాయసంలో కోడి మాంసం వేస్తారు. దాన్ని ఎంత సన్నగా చీలుస్తారంటే, చెప్పకపోతే మాంసం ఉందనే తెలియదు. తీపిలో మాంసం కొత్త కాదు, దాన్ని ఇలా ఊరేగించడమే కొత్త. వంటవాడి ఆలోచనకూ మార్కెటింగ్ ఆలోచనకూ తేడా నాకిక్కడే కనిపిస్తుంది.

బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2015లో తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. ఎప్పుడో తినే డోనట్ మీది రెండు ముక్కల కన్నా, రోజూ టిఫిన్ ప్లేటులో పడే బేకన్ గురించే టెన్షన్ పడాలి.