జాతీయ జెండా రంగులు మతాల వాటాలు కావు

ఆగస్టు నెల రాగానే వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: మన జాతీయ పతాకంలోని కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది, తెలుపు మిగిలిన మతాలది, 1931లో జెండా కమిటీ పూర్తి కాషాయ పతాకాన్ని సిఫారసు చేసినా ఒక మతాన్ని సంతోషపెట్టడానికి దాన్ని తొక్కిపెట్టారు, 1947లో నెహ్రూ తన ఇష్టప్రకారం చరఖాను తీసేసి అశోక చక్రాన్ని పెట్టారు, ఆ చక్రంలోని 24 ఆకులు 24 సద్గుణాలకు గుర్తులు, కనుక మతాల పంపకంగా పుట్టిన ఈ జెండాను మార్చాలి. మన ప్రాంతంలో తిరిగే ప్రతిలో దీనికి మరో వాక్యం కూడా చేరింది: జెండా మొత్తం పింగళి వెంకయ్య ఒక్కరే రూపొందించారని. జెండాను మార్చమని అడిగే హక్కు ఏ పౌరుడికైనా ఉంది. అయితే ఆ కోరికకు ఆధారంగా చూపుతున్న మాటలు చరిత్ర ముందు నిలవడం లేదు.

రంగుల సంగతిలో ఆ సందేశం సగం నిజాన్ని వాడుకుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా ఉండేలా ఒక పతాకాన్ని గీసి ఇమ్మని గాంధీజీ వెంకయ్యను కోరారు. చరఖా ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. వెంకయ్య మూడు గంటల్లోనే చిత్రం సిద్ధం చేశారు కానీ, అది కమిటీ ముందు పెట్టే సమయానికి అందలేదు. ఆ ఆలస్యమే మంచిదయిందని, మిగతా మతాలకు కూడా చోటుండాలని తనకు తర్వాత తోచిందని గాంధీజీ 1921 ఏప్రిల్ 13 నాటి తన యంగ్ ఇండియా పత్రికలో రాశారు. అలా తెలుపు చేరింది. అప్పటి వరుసలో పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు ఉండేవి. సంఖ్యలో అందరికన్నా తక్కువైనవారికి మొదటి చోటు దక్కాలని, బలవంతులు బలహీనులకు రక్షణగా నిలవాలని ఆయన ఆ వరుసకు కారణం చెప్పారు. రంగులకు మతార్థం చెప్పిన ఆ వ్యాసంలో ఇంత స్పష్టంగా ఉన్న ఈ భావాన్ని సందేశం వదిలేసి, మతాల పేర్లను మాత్రం పట్టుకుంది.

అసలు విషయం ఆ తరువాత జరిగింది. మతానికో రంగు అన్న లెక్క మొదలయ్యేసరికి, తమ రంగు ఎక్కడని సిక్కులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకరికి రంగు ఇచ్చి మరొకరికి లేదనడానికి ఏ సమాధానమూ సరిపోదు కాబట్టి, 1931 ఏప్రిల్ 2న కరాచీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఏడుగురు సభ్యులతో జెండా కమిటీని నియమించింది. వల్లభ్‌భాయ్ పటేల్, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, నెహ్రూ, కాకా కాలేల్కర్, డాక్టర్ హర్డీకర్ అందులో సభ్యులు. బందరు వాసి పట్టాభి సీతారామయ్య కన్వీనర్. పూర్తి కాషాయ వస్త్రం మీద ఎర్రని గోధుమవన్నె చరఖా ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసిన మాట నిజం. కానీ ఆ సిఫారసు చేసినవారిలో ఆజాద్, నెహ్రూ కూడా ఉన్నారు. ఈ దేశ సంప్రదాయంతో చిరకాలంగా ముడిపడిన రంగు, అందరికీ ఎక్కువగా సమ్మతమయ్యే రంగు, ఇతర పతాకాల నుంచి వేరుగా కనిపించే రంగు అన్న కారణాలతో వారు కాషాయాన్ని ఎంచుకున్నారు. ఒక మతం గెలవాలని కోరి సిఫారసు చేసినవారిని మరొక మతం కోసం అణచివేశారన్న కథ ఈ పేర్ల పట్టిక చదివితేనే కూలిపోతుంది.

ఆ సిఫారసును బహిరంగంగా చర్చించే అధికారం ఉన్న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ 1931 ఆగస్టులో బొంబాయిలో సమావేశమై, అప్పటికే సత్యాగ్రహాల్లో ప్రజలు మోసిన మూడు రంగులనే నిలుపుకుంది. ఎరుపు స్థానంలో కాషాయాన్ని తెచ్చి పైన పెట్టింది, తెలుపును మధ్యకు మార్చి దానిపై నీలి చరఖాను ఉంచింది, రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానంలోనే రాసింది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి, ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి గుర్తులని ప్రకటించింది. పదేళ్ల అనుభవం నేర్పిన దిద్దుబాటు ఇది. 1921 నాటి వివరణను రద్దు చేసిన తీర్మానం ఎదురుగా ఉండగా, రద్దయిన వివరణనే నేటి జెండా అర్థంగా పంచిపెట్టడం, ఆ జెండా కింద లాఠీదెబ్బలు తిన్నవారికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చరఖా విషయానికి వస్తే, 1947 జూన్‌లో రాజ్యాంగ సభ ఏర్పరచిన కమిటీకి అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేడ్కర్ వంటివారు అందులో ఉన్నారు. వారి సిఫారసు మీద జులై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టారు, సభ్యులందరూ లేచి నిలబడి దాన్ని ఆమోదించారు. తెల్లని పట్టీ మధ్యలో నీలి చక్రం ‘చరఖాకు ప్రతీకగా’ ఉండాలని ఆ తీర్మానమే చెబుతోంది. చక్రం రూపం మాత్రం సారనాథ్‌లోని అశోకుని సింహ శీర్షం మీది చక్రంలా ఉండాలని చెప్పింది. చరఖాలో ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి కనుక జెండా రెండు వైపులా ఒకేలా కనిపించదని, అందుకే చక్రాన్ని మాత్రం తీసుకున్నామని నెహ్రూ వివరించారు. ఈ మార్పు గాంధీజీకి నచ్చలేదు, ఆ అసంతృప్తిని ఆయన దాచుకోనూ లేదు. దాన్ని చెప్పవలసిందే. అయితే ఒక వ్యక్తి సొంత నిర్ణయమన్న మాటకు అందులో ఆధారం లేదు.

ఆ రోజే మాట్లాడిన సర్వేపల్లి రాధాకృష్ణన్, కాషాయం స్వలాభాపేక్ష విడిచిన నిస్వార్థాన్ని, తెలుపు వెలుగును, సత్యమార్గాన్ని, ఆకుపచ్చ మట్టితోనూ పచ్చని మొక్కలతోనూ మనకున్న బంధాన్ని సూచిస్తాయని చెప్పారు. చక్రం ధర్మానికి, చలనానికి గుర్తన్నారు. ముస్లిం లీగ్ సభ్యులు కూడా తీర్మానాన్ని సమర్థించారు.

24 సద్గుణాల పట్టిక గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. అది తీర్మానంలో గానీ, నెహ్రూ, రాధాకృష్ణన్‌ల ప్రసంగాల్లో గానీ కనిపించదు. సారనాథ్ చక్రానికి 24 ఆకులున్నాయి కాబట్టి మన చక్రానికీ అన్నే ఉన్నాయి. పిల్లలకు మంచి గుణాలు నేర్పాలనుకుంటే నేర్పవచ్చు, కానీ వాటిని రాజ్యాంగ సభ చెప్పిన అర్థంగా పాఠం చెప్పకూడదు.

ఇక వెంకయ్య గారి మాట. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆయన, జాతికొక పతాకం ఉండాలన్న ఆలోచనను ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో భుజాన వేసుకుని, 1916లోనే అనేక నమూనాలతో ఒక పుస్తకం ప్రచురించారు. బెజవాడ చిత్రం ఆయన చేతిదే. ఆ కృషిని గాంధీజీ స్వయంగా ప్రస్తావించారు. కాషాయం పైకి రావడం 1931 నాటి నిర్ణయం, అశోక చక్రం 1947 నాటి నిర్ణయం; అవి ఆయన చేసినవి కావు. ఆయన నిజంగా చేసినదాన్ని తేదీలతో సహా మన పాఠ్యపుస్తకాల్లో చేర్చితే చాలు, చేయనిదాన్ని కలపవలసిన అవసరం తెలుగువారికి లేదు.