ర్యాంకుల పట్టిక గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రభుత్వ సంస్థల ర్యాంకుల పట్టిక గారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. ఎంత క్షేమమో తమరు నెలనెలా ఆసుపత్రులకు, కార్యాలయాలకు, బస్సులకు ర్యాంకులిచ్చి, ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేసి చెబుతూనే ఉన్నారు కనుక వివరాలు రాయడం లేదు.

ముందుగా ఆసుపత్రుల సంగతి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపుల నుంచి పాముకాటు తిన్నవారిని, పురుగుమందు తాగినవారిని, రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయినవారిని వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు తెస్తారు. మరణాల శాతమే కొలబద్ద అయితే, చేయి దాటుతున్న రోగికి రెఫరల్ చీటీ రాసి అంబులెన్సు ఎక్కించిన చిన్న ఆసుపత్రి ఖాతాలో సున్నా పడుతుంది, ఆ రోగిని ఆఖరి ఘడియలో చేర్చుకున్న పెద్దాసుపత్రి ఖాతాలో ఒకటి పడుతుంది. పంపినవారు ఆకుపచ్చ, చేర్చుకున్నవారు ఎరుపు. రోగి ఏ స్థితిలో వచ్చాడో రాసే గడి ఒక్కటి కలపడానికి తమరి కాగితం వెడల్పు చాలలేదని సరిపెట్టుకుంటున్నాను.

ఫిర్యాదుల విషయంలో మాత్రం తమరి దయ అపారం. ఒక కార్యాలయంలో (పేరెందుకు లెండి) మా వీధి మురుగుకాలువ గురించి నేనిచ్చిన అర్జీ మూలన ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఎర్రసిరాతో రాశారు. ఆ సాయంత్రమే ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. కాలువకు ఆ సందేశం అందలేదేమో, ఇంకా పొంగుతూనే ఉంది.

ఏటూరునాగారం అడవి దారి పల్లెవెలుగును హైదరాబాదు రోడ్డు మీది సూపర్ లగ్జరీతో కిలోమీటరు ఆదాయంలో పోటీకి నిలబెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఆ పల్లెవెలుగు రాని రోజు కాలేజీకి పోలేకపోయిన పిల్లలు ఏ గడిలోనూ పట్టరు.

న్యాయంగా కొలిచే పద్ధతి ఎవరికీ తెలియదనీ కాదు. వెనకబడిన జిల్లాల కోసం 2018లో కేంద్రం మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో 49 సూచికలు పెట్టి, జిల్లా ఎక్కడుందని కాక, ఉన్నచోటు నుంచి ఎంత కదిలిందని చూసి ‘డెల్టా’ ర్యాంకులు ఇచ్చారు. మన ఆసిఫాబాద్, భూపాలపల్లి అందులో ఉన్నవే. జిల్లాలు పంపిన అంకెలను ఇంటింటి సర్వేలతో సరిచూసే ఏర్పాటూ చేశారు. అదీ లోపం లేనిదని అనను, 49లోకి రాని పనిని చేసే అధికారికి మెప్పు దొరకడం అక్కడా కష్టమే.

కాబట్టి అట్టడుగున నిలిచిన సంస్థకు మెమో వెళ్లేలోపు, అక్కడ ఖాళీగా ఉన్న పోస్టుల సంఖ్యను ర్యాంకు పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో అచ్చువేయించగలరని ప్రార్థన. చోటు చాలదంటే, తమరి నెత్తిన ఉన్న ఫొటోలను కొంచెం తగ్గిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక అర్జీదారు